తాండూరుకు ఒక స్టేషన్



హైదరాబాద్ నుంచి వాడి జంక్షన్ వైపు వెళ్లే రైల్లో, చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని ఎఫ్ఎం వినే కుర్రవాళ్లకు ఒక సంగతి బాగా తెలుసు. లింగంపల్లి దాకా పాట స్పష్టంగా వినిపిస్తుంది. శంకర్‌పల్లి దాటాక గొంతు పల్చబడుతుంది. వికారాబాద్ దాటి, అనంతగిరి గుట్టలు వెనక్కి పోయి, రైలు తాండూరు వైపు పల్లానికి దిగుతున్నకొద్దీ గరగర పెరుగుతుంది. ఎఫ్ఎం తరంగం దాదాపు చూపు సాగినట్టే తిన్నగా సాగుతుంది. మధ్యలో గుట్ట అడ్డొస్తే, నేల వంగితే అక్కడే ఆగుతుంది. అందువల్ల హైదరాబాద్ ఎఫ్ఎంలు వికారాబాద్‌కు సగం చుట్టాలు, తాండూరుకు పరాయివాళ్లు.

వినిపించినంత మేరకైనా అందులో ఏముంటుంది? పంజాగుట్టలో ట్రాఫిక్ ఎలా ఉందో చెబుతారు. కూకట్‌పల్లిలో కొత్తగా తెరిచిన బంగారం దుకాణం గురించి చెబుతారు. వికారాబాద్ మార్కెట్ యార్డులో ఇవాళ కందులు ఎంతకు పలికాయో, తాండూరు నుంచి కొడంగల్ వెళ్లే రోడ్డు మీద బస్సు నడుస్తోందో లేదో చెప్పరు. ఆ స్టేషన్లది తప్పని అనడానికి వీల్లేదు. హైదరాబాద్ దుకాణాలు ఇచ్చే ప్రకటనల డబ్బుతో నడిచే స్టేషన్ హైదరాబాద్ మాటే మాట్లాడుతుంది. వాణిజ్య రేడియో నడిచే తీరే అది. డబ్బు ఏ ఊరిదో మాట ఆ ఊరిదే అవుతుంది. అలాంటప్పుడు తాండూరు దుకాణాల డబ్బుతో, తాండూరు మాట మాట్లాడే స్టేషన్ ఒకటి ఎందుకు ఉండకూడదు? ఈ ప్రసంగమంతా ఆ ఒక్క ప్రశ్న గురించే. దాని కోసం కాసేపు చాలా దూరం, జపాన్ దాకా, వెళ్లి రావాలి.

1951 సెప్టెంబర్ 1. జపాన్‌లోని నగోయా నగరం. ఉదయం ఆరున్నరకు చుబు నిప్పోన్ బ్రాడ్‌కాస్టింగ్ అనే కొత్త కంపెనీ గొంతు విప్పింది. సీబీసీ అని దాని పొట్టి పేరు. అదే రోజు మధ్యాహ్నం ఒసాకాలో న్యూ జపాన్ బ్రాడ్‌కాస్టింగ్ మొదలైంది. నేడు మైనీచి బ్రాడ్‌కాస్టింగ్ అని పిలిచేది దాన్నే. జపాన్‌లో వాణిజ్య రేడియో పుట్టినరోజు అది.

అంతకు ముందు పాతికేళ్లకు పైగా ఆ దేశంలో రేడియో అంటే జాతీయ ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే ఒక్కటే. 1925 మార్చిలో టోక్యోలో ప్రసారాలు మొదలయ్యాయి. మరుసటి ఏడాది వేర్వేరు నగరాల సంస్థలన్నీ కలిసి ఒక్కటయ్యాయి. యుద్ధకాలంలో రేడియో పూర్తిగా ప్రభుత్వం చేతిలో ఉంది. తాము గెలుస్తున్నామన్న వార్తలు ఓడిపోయే దాకా అదే రేడియోలో వచ్చాయి. 1945 ఆగస్టు 15న చక్రవర్తి స్వయంగా ఓటమిని ప్రకటించిన గొంతు కూడా అదే రేడియోలో వినిపించింది. దేశమంతటికీ ఒకే గొంతు ఉంటే ఏమవుతుందో ఆ ప్రజలు అనుభవించి తెలుసుకున్నారు. 1950 జూన్‌లో మూడు కొత్త రేడియో చట్టాలు అమల్లోకి వచ్చాయి. ఎన్‌హెచ్‌కే శ్రోతలు కట్టే రుసుముతో నడవాలి. దాని పక్కనే, ప్రకటనల ఆదాయంతో నడిచే ప్రైవేటు స్టేషన్లూ ఉండవచ్చు. ఒకే దేశంలో ఈ రెండు దారులూ పక్కపక్కన సాగాలన్నది ఆ చట్టాల ఉద్దేశం.

1951 ఏప్రిల్‌లో 16 కంపెనీలకు ప్రాథమిక అనుమతులు దొరికాయి. గమనించవలసింది వాటి చిరునామాలు. అన్నీ టోక్యోలో లేవు. తొలి స్టేషన్ నగోయాది, రెండోది ఒసాకాది. ఫుకుఒకా, సెందాయి, సప్పోరో లాంటి నగరాలు కూడా ఏడాది తిరిగే లోపు తమ సొంత వాణిజ్య స్టేషన్లను తెచ్చుకున్నాయి. రాజధానిలోని రేడియో టోక్యో ప్రసారాలు ప్రారంభించింది ఆ ఏడాది డిసెంబర్ 25న, అంటే నగోయా తర్వాత దాదాపు నాలుగు నెలలకు. నగోయా స్టేషన్‌కు వెన్నుదన్నుగా నిలిచింది ఆ ప్రాంతపు దినపత్రిక, ఆ ప్రాంతపు వ్యాపారులు. ప్రకటనల మీద రేడియో బతుకుతుందా అని అప్పుడు చాలామందికి అనుమానం ఉండేది. దెంత్సు అనే ప్రకటనల సంస్థ అధిపతి యోషిదా హిదెయో మాత్రం బతుకుతుందని నమ్మి, కంపెనీల చుట్టూ తిరిగి ఒప్పించాడు. ఆ తొలి రోజుల ప్రకటనల్లో గడియారాల కంపెనీ సీకో ఇచ్చిన సమయ సూచన ఒకటి. టైం చెప్పడం ఊరికి ఉపకారం. ఆ టైం చెప్పింది ఫలానా గడియారం అనడం కంపెనీకి లాభం. వాణిజ్య రేడియో కళ అంతా ఆ చిన్న ప్రకటనలోనే ఉంది.

రెండేళ్లకే టెలివిజన్ వచ్చింది. పెద్ద కంపెనీల డబ్బు అటు మళ్లింది. రేడియో పని అయిపోయిందని జపాన్‌లోనూ అన్నారు. అప్పుడు అక్కడి వాణిజ్య స్టేషన్లు ఒక తెలివైన పని చేశాయి. అందరి కోసం మాట్లాడటం మాని, ఒక్కొక్కరి కోసం మాట్లాడటం మొదలుపెట్టాయి. పగలు లారీ నడిపేవాళ్లు, దుకాణంలో కూర్చునేవాళ్లు. రాత్రి పరీక్షలకు చదువుకునే పిల్లలు. నిప్పోన్ బ్రాడ్‌కాస్టింగ్ 1967 అక్టోబర్‌లో ‘ఆల్ నైట్ నిప్పోన్’ అనే కార్యక్రమం మొదలుపెట్టింది. అర్ధరాత్రి దాటాక మొదలై తెల్లవారుజాము దాకా సాగే ఆ కార్యక్రమం ఇప్పటికీ నడుస్తోంది. మొదట్లో దానికి ప్రాణం శ్రోతలు రాసే పోస్టుకార్డులే. రాయడంలో ఆరితేరిన శ్రోతలకు జపనీయులు ప్రత్యేకంగా ఒక పేరే పెట్టుకున్నారు. కార్డులు రాసి రాసి, పెద్దయ్యాక రేడియోకూ టీవీకీ రచయితలైనవాళ్లు కూడా వారిలో ఉన్నారు.

పోస్టుకార్డు అనగానే మన శ్రోతల్లో నడివయసు దాటినవారికి శ్రోతలు కోరిన సినిమా పాటల కార్యక్రమం ‘జనరంజని’ గుర్తొచ్చి ఉంటుంది. పాటకంటే ముందు వచ్చే పేర్ల పట్టిక, ఆ పేర్ల పక్కన ఊరి పేరు. తమ ఊరి పేరు రేడియోలో వినడం కోసమే కార్డు రాసినవాళ్లు ఎందరో. ఆ ఆరాటం నగోయా పిల్లవాడిదీ, మన పిల్లవాడిదీ ఒకటే.

అయితే వాణిజ్య స్టేషన్ విలువ తేలింది పాటల దగ్గర కాదు, కష్టకాలంలో. 1995 జనవరి 17 తెల్లవారుజామున 5 గంటల 46 నిమిషాలకు కోబే నగరాన్ని భూకంపం కుదిపేసింది. ఆరు వేలకు పైగా ప్రాణాలు పోయాయి. ఆ నగరపు వాణిజ్య స్టేషన్ రేడియో కాన్సాయ్. అప్పట్లో ఏఎం కోబే అని పిలిచేవారు. భవనం దెబ్బతింది, స్టూడియో చెల్లాచెదురైంది, ప్రసారం ఆగింది. కాసేపటికే మళ్లీ గొంతు వినిపించింది. అక్కడి నుంచి 69 గంటలు ఒక్క ప్రకటన లేకుండా ప్రసారం సాగింది. ఎవరు ఎక్కడ ఉన్నారు, ఎవరు క్షేమం, ఏ వీధిలో నీళ్ల ట్యాంకర్ ఉంది, ఏ ఆసుపత్రి తెరిచి ఉంది. ఫోన్‌లో వచ్చిన పేర్లను అనౌన్సర్లు ఒక్కొక్కటిగా చదువుతూ పోయారు. జాతీయ ప్రసార సంస్థ ప్రపంచానికి కోబే గురించి చెప్పింది. ఊరి స్టేషన్ కోబేకు కోబే గురించి చెప్పింది. ప్రకటనలే తిండి పెట్టే సంస్థ మూడు రోజులు ఆ తిండి వదులుకుంది. ఎందుకంటే ప్రకటన ఇచ్చే దుకాణదారుడూ, శిథిలాల కింద తన వాళ్లను వెతుక్కుంటున్న మనిషీ ఒకే వీధివాళ్లు.

ఆ సంవత్సరమే కోబేలోని నగతా అనే పేటలో మరో విచిత్రం జరిగింది. అక్కడ కొరియా వాళ్లు, వియత్నాం వాళ్లు ఎక్కువ. చెప్పుల తయారీలో పనిచేసే కూలీలు వాళ్లలో చాలామంది. జపనీస్ ప్రకటనలు అర్థం కాక, సాయం ఎక్కడ దొరుకుతుందో తెలియక వాళ్లు అల్లాడారు. చిన్న ట్రాన్స్‌మిటర్లతో తమ భాషల్లో తామే మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. ఆ ప్రయత్నాలన్నీ కలిసి, భూకంపం జరిగి సరిగ్గా ఏడాది నిండిన రోజున, 1996 జనవరి 17న, ఎఫ్ఎం వైవై అనే లైసెన్సు పొందిన స్టేషన్ అయింది.

ఇక మన వైపు చూద్దాం.

హైదరాబాద్‌లో కూడా రేడియోను మొదలుపెట్టింది ప్రభుత్వం కాదు. 1930ల తొలినాళ్లలో తపాలా శాఖ ఉద్యోగి మహబూబ్ అలీ చిరాగ్ అలీ వీధిలో 200 వాట్ల చిన్న ట్రాన్స్‌మిటర్‌తో సొంతంగా ప్రసారాలు నడిపారు. 1935లో నిజాం ప్రభుత్వం దాన్ని తన చేతిలోకి తీసుకుంది. దక్కన్ రేడియో అయింది. ఉర్దూతో పాటు తెలుగు, మరాఠీ, కన్నడ భాషల్లోనూ కార్యక్రమాలు వచ్చేవి. 1950 ఏప్రిల్ 1న అది ఆలిండియా రేడియోలో కలిసింది. జపాన్ తన ఏకైక గొంతు పక్కన మరికొన్ని గొంతులకు చోటిచ్చిన సంవత్సరమే, మన దగ్గర ఉన్న వేరు గొంతు పెద్ద గొంతులో కలిసిపోయింది. దేశం కొత్తగా ఒక్కటవుతున్న రోజుల్లో ఆ నిర్ణయానికి కారణాలు లేకపోలేదు. కానీ ఊరికొక గొంతు అన్న ఆలోచన మాత్రం దానితో చాలాకాలం వెనక్కి పోయింది.

అంతకంటే ముందూ ఇలాగే జరిగింది. బొంబాయిలో 1927లో ఇండియన్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ అనే ప్రైవేటు సంస్థ ప్రసారాలు మొదలుపెట్టి మూడేళ్లకే మూతపడింది. లైసెన్సు రుసుముల మీద వచ్చే ఆదాయం సరిపోలేదు. తర్వాత ప్రభుత్వం చేపట్టింది. 1936లో దాని పేరు ఆలిండియా రేడియో అయింది.

వాణిజ్య రేడియో ఆకలి మాత్రం చావలేదు. 1952లో సమాచార ప్రసార మంత్రి బి.వి. కేస్కర్ ఆలిండియా రేడియోలో సినిమా పాటలకు చోటు లేకుండా చేశారు. శాస్త్రీయ సంగీతం మీద ఆయనకున్న మక్కువ నిజమైనదే. కానీ జనం మాత్రం రేడియో ముల్లును సిలోన్ వైపు తిప్పారు. కొలంబోలోని రేడియో సిలోన్ వాణిజ్య విభాగం ప్రకటనల మీద నడిచేది. అమీన్ సయానీ గొంతులో ‘బినాకా గీత్‌మాలా’ ఆ ఏడాది చివరనే మొదలైంది. తెలుగు ఇళ్లలో అదే స్టేషన్ తెలుగు అనౌన్సర్ మీనాక్షి పొన్నుదురై గొంతు అంతే చనువైన గొంతు. సముద్రం అవతలి స్టేషన్ నుంచి తెలుగు సినిమా పాట వినడానికి పల్లెల్లో జనం ఒక్క రేడియో చుట్టూ మూగేవారు. ఆ పోటీకి జవాబుగా 1957 అక్టోబర్ 3న వివిధ భారతి వచ్చింది. మరో పదేళ్లకు, 1967 నవంబర్ 1న, బొంబాయి, పుణె, నాగపూర్‌లలో వివిధ భారతి మీద ప్రకటనలు మొదలయ్యాయి. ఆకాశవాణి వాణిజ్యంలోకి అడుగుపెట్టింది అలాగే. తర్వాత హైదరాబాద్, విజయవాడ కూడా ఆ వరుసలో చేరాయి.

హైదరాబాద్‌లో ప్రైవేటు ఎఫ్ఎంలు మొదలైంది 2006లో. రేడియో సిటీ, రేడియో మిర్చి లాంటి పేర్లు ఇంటింటి మాటలయ్యాయి. ఆటోల్లో, మంగలి దుకాణాల్లో, టీ కొట్లలో మళ్లీ రేడియో మోగింది. అనౌన్సర్ గొంతు గ్రాంథికం వదిలి, హైదరాబాదీ యాస ఎత్తుకుంది. అది మంచి మార్పే. తెలంగాణ మాటకు ప్రసారాల్లో గౌరవం దొరకడంలో ఎఫ్ఎం కుర్రవాళ్ల పాత్ర చిన్నది కాదు.

కానీ రెండు పెద్ద లోపాలు అలాగే ఉండిపోయాయి. మొదటిది వార్తలు. మన దేశంలో ప్రైవేటు ఎఫ్ఎం సొంతంగా వార్తలు చెప్పరాదు. ఆకాశవాణి బులెటిన్‌ను ఉన్నదున్నట్టు వినిపించవచ్చు. ట్రాఫిక్, వాతావరణం, పరీక్షల సమాచారం చెప్పవచ్చు. అంతే. గంటకు పది నిమిషాలకు మించకుండా వార్తలకు అనుమతి ఇవ్వాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2023 సెప్టెంబర్‌లో సిఫారసు చేసింది. జపాన్ స్టేషన్లకు ఈ సంకెల లేదు. వాటిలో చాలావాటి వెనక దినపత్రికలు ఉండటం వల్ల వార్త వాటికి మొదటి నుంచీ చేతిలో పని. కోబేలో ఆ స్టేషన్ అలా నిలబడగలిగిందంటే, వార్త చెప్పే అలవాటు, హక్కు దానికి అప్పటికే ఉండబట్టే.

రెండో లోపం జాబితా. ఎక్కడ పడితే అక్కడ మన దగ్గర ప్రైవేటు ఎఫ్ఎం పెట్టడానికి వీల్లేదు. కేంద్రం ఊళ్ల జాబితా వేస్తుంది, అక్కడి ఛానళ్లను వేలం వేస్తుంది. జాబితాకు ప్రధాన కొలమానం జనాభా, లక్ష దాటిన పట్టణాలు. 2024 ఆగస్టు 28న కేంద్ర మంత్రివర్గం మరో 234 పట్టణాల్లో 730 ఛానళ్ల వేలానికి ఆమోదం తెలిపింది. మన రాష్ట్రం నుంచి ఆదిలాబాద్, కరీంనగర్, ఖమ్మం, మహబూబ్‌నగర్, నల్లగొండ, నిజామాబాద్ లాంటి పట్టణాలు అందులో ఉన్నాయి. వికారాబాద్ లేదు. తాండూరు లేదు. రెండూ లక్షకు లోపు పట్టణాలే మరి.

తలలు లెక్కపెట్టే కొలమానం తాండూరు లాంటి ఊరిని సరిగ్గా కొలవలేదు. తాండూరు పేరు ఇళ్ల నేలల మీద ఉంది. నీలం, పసుపు రంగుల తాండూరు బండలు పరచని ఊరు తెలంగాణలో అరుదు. చుట్టూ గనులు, పాలిషింగ్ యూనిట్లు, వాటిలో వేలాది కూలీలు. కరన్‌కోట్‌లో సిమెంట్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా కర్మాగారం. తాండూరు కందికి 2022 డిసెంబర్‌లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కాగ్నా వాగు ఒడ్డు నేలలో, ఆ సున్నపురాతి భూమిలో పండిన కందిపప్పు రుచి, ఉడికే తీరు వేరని వంటింట్లో ఉన్నవాళ్లందరికీ తెలుసు. ఒక అడుగు పడమర వేస్తే కర్ణాటక. సేడం, చించోళి వాళ్లు తాండూరు బజారుకు వస్తారు. వ్యాపారం ఇంత ఉన్న ఊళ్లో ప్రకటన ఇచ్చేవాళ్లు ఉండరా? బండల వ్యాపారి, విత్తనాల దుకాణం, పప్పు మిల్లు, ట్రాక్టర్ షోరూం, బట్టల కొట్టు, ప్రైవేటు పాఠశాల, పెళ్లిళ్ల ఫంక్షన్ హాలు. ఇప్పుడు వీళ్లంతా ఆటోకు మైకు కట్టి వీధుల్లో తిప్పుతున్నారు. ఆ ఆటో మైకు కూడా ఒక రకం వాణిజ్య ప్రసారమే. చెవులు చిల్లులు పడేలా అరవడం తప్ప దానికి మరో పని తెలియదు.

వికారాబాద్ లెక్క కొంత వేరు. 2016 అక్టోబర్ 11 నుంచి జిల్లా కేంద్రం. కలెక్టరేట్ అక్కడ, జంక్షన్ అక్కడ. వాడి లైను, పర్లి లైను విడిపోయేది అక్కడే. మూసీ నది పుట్టింది అనంతగిరిలో. వారాంతాల్లో హైదరాబాద్ నుంచి కార్లు బారులు తీరుతాయి. నగరం తన విశ్రాంతి కోసం ఈ గుట్టలకు వస్తుంది. గుట్టల కింద ఉన్న ఊళ్ల మాట ఆ నగరానికి చేరే దారి మాత్రం సన్నగానే ఉంది.

రేడియో తరంగాల విషయంలో ఈ జిల్లాకు దేశంలోనే ఒక అరుదైన స్థానం దక్కింది. పూడూరు మండలం దామగుండం అడవిలో నౌకాదళం అతి తక్కువ ఫ్రీక్వెన్సీ రేడియో కేంద్రానికి 2024 అక్టోబర్ 15న రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్ శంకుస్థాపన చేశారు. దాదాపు 2900 ఎకరాలు, 3200 కోట్ల రూపాయల అంచనా. దేశంలో ఇలాంటి మొదటి కేంద్రం తమిళనాడులోని తిరునల్వేలి దగ్గర 1990లో ఏర్పడింది. ఆ తరంగాలు సముద్రపు నీటిలోకి దూరి, లోపలున్న జలాంతర్గాములకు సందేశం అందిస్తాయి. ఆ అడవి, ఆ చెట్లు, అక్కడి రామలింగేశ్వర ఆలయం ఏమవుతాయోనని స్థానికులు, పర్యావరణం గురించి తపించేవాళ్లు ఆందోళన పడ్డారు. ఆ ఆందోళనను వినవలసిందే. దేశ రక్షణ అవసరమూ అవసరమే. ఇక్కడ చెప్పదలచింది ఒక్కటే. సముద్రం లోపలికి మాట పంపే శక్తి ఈ జిల్లా నేలకు వస్తున్నప్పుడు, పరిగి రైతుకు పొద్దున్నే మార్కెట్ ధర చెప్పే శక్తి కూడా రావాలి. దానికి వేల కోట్లు అక్కర్లేదు.

అక్కర్లేదని చూపినవాళ్లు పొరుగునే ఉన్నారు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ కేంద్రంగా దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983 నుంచి పనిచేస్తోంది. పి.వి. సతీష్ దాని స్థాపకుల్లో ముఖ్యులు. 2023లో కన్నుమూశారు. ఊరూరా దళిత మహిళల సంఘాలు. జొన్న, కొర్ర, సామ, సజ్జ లాంటి పాత పంటలను కాపాడుకునే మహిళలు. 1998లో యునెస్కో సాయంతో మాచ్నూర్ గ్రామంలో వాళ్లకు రేడియో కేంద్రం కట్టారు. కానీ ప్రసారం చేయడానికి అనుమతి లేదు. పదేళ్లు ఎదురుచూశారు. ఆ పదేళ్లు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. కార్యక్రమాలు రికార్డు చేసి, క్యాసెట్లను సంఘం సమావేశాలకు తీసుకుపోయి వినిపించారు.

2006లో కేంద్రం స్వచ్ఛంద సంస్థలకు కూడా కమ్యూనిటీ రేడియో నడిపే వీలు కల్పించింది. 2008 అక్టోబర్ 15న సంఘం రేడియో 90.4 మెగాహెర్ట్జ్ మీద గొంతు విప్పింది. ప్రారంభించింది జస్టిస్ పి.బి. సావంత్. ఆయన్నే ఎందుకు పిలిచారో తెలిస్తే మనసు నిండుతుంది. గాలి తరంగాలు ప్రజల ఆస్తి, ప్రభుత్వం సొత్తు కాదు అని 1995 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు రాసినవారు ఆయనే. క్రికెట్ మ్యాచ్‌ల ప్రసారం గురించి మొదలైన వ్యాజ్యం అది. ఆ తీర్పు ఢిల్లీలో రాసిన పదమూడేళ్లకు మాచ్నూర్‌లో మనుషుల గొంతుగా వినిపించింది. జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ ఆ గొంతుల్లో ముందువరుసవారు. మైకు, మిక్సర్, ఎడిటింగ్ అన్నీ వాళ్లే నేర్చుకుని నడిపారు. పొద్దంతా చేనులో పనిచేసిన మనిషి రాత్రి ఏడింటికి రేడియో పెట్టుకుంటే, విత్తనాల గురించి, పశువుల రోగాల గురించి, పండుగ పాటల గురించి తన యాసలోనే వినిపిస్తుంది. ఒకప్పుడు ఊరి చివర నుంచి మాట్లాడిన మనిషి మాట ఇప్పుడు పటేల్ ఇంట్లోనూ వినిపిస్తుంది.

సంఘం రేడియో వాణిజ్య స్టేషన్ కాదు. దాని ధైర్యం వేరు, దాని లక్ష్యం వేరు. మాచ్నూర్ నమూనాను తాండూరు బజారులో ఉన్నదున్నట్టు నాటలేం. అలాగని హైదరాబాద్ ఎఫ్ఎం నమూనా కూడా తాండూరుకు సరిపోదు. వేలంలో కోట్లు పోసి ఛానల్ కొన్నవాడు ఆ కోట్లు రాబట్టుకునే చోటే మాట్లాడతాడు. తాండూరుకు కావలసింది ఈ రెంటి మధ్యలో ఉంది. జపాన్ ఆ మధ్యదారిని వెతికి పట్టుకుంది. 1992 డిసెంబర్‌లో హకొదాతే అనే రేవు పట్టణంలో ఎఫ్ఎం ఇరుకా మొదలైంది. అక్కడి తొలి కమ్యూనిటీ ఎఫ్ఎం స్టేషన్ అదే. ఇలాంటి స్టేషన్లకు శక్తి సాధారణంగా 20 వాట్లకు మించదు. ఒక పట్టణం, దాని చుట్టుపక్కల ఊళ్లు, అంతే. చాలావాటిని నడిపేది ఊరి దుకాణాలు, పురపాలక సంఘం, బ్యాంకులు కలిసి పెట్టుకున్న చిన్న కంపెనీ. ప్రకటనలూ ఆ దుకాణాలవే. ఇలాంటివి ఆ దేశంలో 300 దాటాయి. చేపల ధర, స్కూలు వార్షికోత్సవం, మంచు పడిన రోడ్లు, తుపాను హెచ్చరిక, అన్నీ అందులోనే.

ఇంటర్నెట్ కాలంలో ఇదంతా ఎందుకు అనేవాళ్లున్నారు. జపాన్ స్టేషన్లు దానికీ దారి చూసుకున్నాయి. 2010లో రాడికో అనే సేవను కలిసి ప్రారంభించాయి. ఫోన్‌లోనే రేడియో వినవచ్చు. అయితే అందులో ఒక మెలిక ఉంది. శ్రోత ఉన్న ప్రాంతపు స్టేషన్లు ఉచితం. వేరే ప్రాంతాలవి కావాలంటే డబ్బు కట్టాలి. ఎల్లలు లేని ఇంటర్నెట్‌లోకి వెళ్లినప్పుడు కూడా, ముందు నీ ఊరి స్టేషన్ విను అన్న సూత్రాన్ని వాళ్లు వదులుకోలేదు. ఏఎం ట్రాన్స్‌మిటర్ల నిర్వహణ భారమవుతోందని 2021లో 47 వాణిజ్య ఏఎం స్టేషన్లలో 44 స్టేషన్లు 2028 నాటికి ఎఫ్ఎంకు మారే లక్ష్యం ప్రకటించాయి. సాధనం మారుతోంది, ఊరు మారడం లేదు.

మన చట్టంలో జపాన్ తరహా ఊరి కంపెనీకి ఇంకా చోటు లేదు. కానీ తలుపు పూర్తిగా మూసుకుపోలేదు. కమ్యూనిటీ రేడియో లైసెన్సుకు విద్యాసంస్థలు, స్వచ్ఛంద సంస్థలు, వ్యవసాయ విశ్వవిద్యాలయాలు, కృషి విజ్ఞాన కేంద్రాలు అర్హమైనవే. తాండూరులో కంది మీద పరిశోధన చేసే వ్యవసాయ పరిశోధన కేంద్రం ఉంది. లాభాపేక్ష లేని సంస్థ చేతిలో స్టేషన్ ఉండాలని నియమం తప్ప, ప్రకటనలు వద్దని నియమం లేదు. గంటకు 7 నిమిషాలుగా ఉన్న ప్రకటనల సమయాన్ని 12 నిమిషాలకు, పది సెకన్లకు 52 రూపాయలుగా ఉన్న ప్రభుత్వ ప్రకటనల ధరను 74 రూపాయలకు పెంచుతున్నట్టు 2023లో కేంద్రం ప్రకటించింది. అదే ధర దుకాణాలకూ పెడితే, తాండూరు విత్తనాల దుకాణం భరించలేనిది కాదు అది. ఆటో మైకుకు అయ్యే పెట్రోలుతో పోల్చి చూసుకున్నా సరే.

వార్తల మీద ఆంక్ష కమ్యూనిటీ రేడియోకూ ఉంది. దాన్ని సడలించమని అడగడం ఈ జిల్లా ప్రజాప్రతినిధుల పని. అది జరిగేలోపు కూడా చేయగలిగింది చాలా ఉంది. కాగ్నా పొంగితే ఏ వంతెన దాటకూడదో చెప్పవచ్చు. యార్డుకు వచ్చిన కందుల ధర చెప్పవచ్చు. పాలిషింగ్ యూనిట్లలో దుమ్ము పీల్చే కూలీకి ఊపిరితిత్తుల పరీక్ష ఎక్కడ చేస్తారో, మాస్కు ఎందుకు పెట్టుకోవాలో డాక్టర్ చేత చెప్పించవచ్చు. పదో తరగతి పిల్లలకు లెక్కల పాఠం చెప్పించవచ్చు. వికారాబాద్ జంక్షన్‌లో ఏ రైలు ఎంత ఆలస్యమో చెప్పవచ్చు. ఇలాంటి కమ్యూనిటీ రేడియో స్టేషన్‌కు వంద వాట్ల శక్తి, 30 మీటర్ల టవర్ చాలు. తాండూరులో పెడితే యాలాల, పెద్దేముల్, బషీరాబాద్ వైపు ఊళ్లకు మాట అందుతుంది. వికారాబాద్‌లో అనంతగిరి ఎత్తు ఉండనే ఉంది. ఒక్క స్టేషన్ రెండు పట్టణాలకూ సరిపోదు. రెండు కావాలి. రెంటికీ రెండు స్వభావాలు ఉండాలి.

కార్యక్రమాల్లో సగమైనా స్థానికుల భాగస్వామ్యంతో తయారవ్వాలని నియమాలు చెబుతున్నాయి. తాండూరులో ఆ నియమాన్ని పాటించాలంటే తెలుగు ఒక్కటే సరిపోదు. బజారులో ఉర్దూ ఉంది. సరిహద్దు ఊళ్లలో కన్నడ ఉంది. తండాల్లో లంబాడీ ఉంది. నగతా పేటలోని ఆ చిన్న స్టేషన్ తొలి ఏడాదే కొరియన్, వియత్నమీస్ అనౌన్సర్లను తన వీధుల నుంచే వెతుక్కుంది. ఎవరూ శిక్షణ పొందినవాళ్లు కారు. తాండూరులోనూ మొదట వెతకవలసింది టవర్‌కు స్థలం కాదు. లంబాడీలో వాన కబురు, ధర కబురు చెప్పగల ఒక చదువుకున్న అమ్మాయిని.